గాజు – గురుతు



పొందూరు పేరు చెప్పగానే ఎల్లరకును తలపునకు వచ్చునది సన్నని ఖద్దరు. ఖాదీ ఉద్యమకాలమున గాంధిమహాత్ముని మెప్పు పొందిన బట్ట అది. దానిని గూర్చి పెక్కుమంది చెప్పియున్నారు. నేను నేడు ఆ నూలు వడకు చేతిని గూర్చియు, ఆ చేతికుండు గాజును గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను.

మా ఊరిలో రాట్నము ముందు కూర్చున్న స్త్రీని మీలో చూచినవారుందురు. వాలుగచేప దవడయెముకతో దువ్వి శుభ్రపరచిన పత్తి ఏకుగా మారి, ఆమె ఎడమచేతినుండి పొగవలె సాగి దారమగును. కుడిచేయి రాట్నము త్రిప్పుచున్నంతసేపును ముంజేతి గాజులు గలగలలాడుచుండును. కొంతకాలము క్రిందట ఒక వృద్ధురాలి యింటి అరుగుపై కూర్చుండి ఆమె పనిని చూచుచుంటిని. రాట్నపు చప్పుడు తప్ప వేరు చప్పుడు లేదు. ఆమె చేతులకు గాజులు లేవు. నా చూపు ఆ ముంజేతిపై నిలిచినదని ఆమె కనిపెట్టెను. “సెయ్యి కాదు బాబూ, నూలు సూడు” అని దారమువైపు తల యూపెను.

నాకు సిగ్గు వేసినది. ఆమె పేరు నేనెరుగను. ఎన్నవ నంబరు నూలు తీయుచున్నదో అడుగలేదు. ఎన్ని యేండ్లనుండి వడకుచున్నదో తెలియదు. ఆమె భర్త గతించెనని మాత్రము, ఎవరును చెప్పకయే, చూచిన క్షణమున తెలిసికొంటిని. అణా ఖరీదు చేయని గాజుముక్క లేకపోవుట ఒక మనిషిని గూర్చి ఇంత మాట ఎట్లు చెప్పగలిగినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు గాజు చరిత్రలోనికి పోయితిని. అక్కడ కనుగొన్నదానినే మీకు విన్నవించుచున్నాను.

మొదట మాటను చూతము. మన భాషలో గాజు అను పదమునకు రెండర్థములు కలవు. కిటికీకి బిగించిన పలకయు గాజే, ముంజేతి ఆభరణమును గాజే. ఆ ఆభరణమును పసిడితో చేసినను ‘బంగారు గాజులు’ అనియే అందుము. పదార్థముయొక్క పేరు నగకు పట్టి, పదార్థము మారినను పేరు వదలలేదు. సంస్కృతమున దీనికి కాచమని పేరు. శతపథ బ్రాహ్మణమున అశ్వమేధ ఘట్టమునందు, రాజపత్నులు గుఱ్ఱపు జూలులో కాచములను కూర్చు విషయము వచ్చును. అవి గాజుపూసలని కొందరు పండితుల అభిప్రాయము. ఇక మన పల్లెలలో ఆడువారు దీనిని పిలుచు పేరు ‘మట్టిగాజులు’. శాస్త్రజ్ఞులు చెప్పవలసినదానిని మన అవ్వలు ఆ రెండు మాటలలోనే చెప్పివేసిరి. గాజు మట్టినుండి పుట్టినదే.

ఏరుగట్టున దొరకు ఇసుకయే దీనికి మూలము. ఒట్టి ఇసుకను కరగింపవలెనన్న ఇంచుమించు 1,700 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావలెను. అంత వేడి పూర్వపు కొలిమిలో పుట్టదు. అందులకు చౌడునేలలో పైకుబుకు క్షారమును ఇసుకలో కలిపిరి. అప్పుడు చాల తక్కువ వేడికే అది కరగును. కాని ఇసుకయు క్షారమును మాత్రమే కలిసిన గాజు నీటిలో కరగిపోవును. కావున కొంత సున్నము చేరవలెను. ఈ మూడింటి కలయికయే మామూలు గాజు. రాగి చేరినచో నీలియో, పచ్చయో, ఒక్కొక్క తీరున ఎరుపో వచ్చును. ఇసుకలోని ఇనుము ఆకుపచ్చ నిచ్చును. మన చీపురుపల్లి, గరివిడి ప్రాంతములలో త్రవ్వి తీయు మాంగనీసు కొలదిగా చేర్చినచో ఆ పచ్చదనమును పోగొట్టును, ఎక్కువగా చేర్చినచో ఊదారంగు నిచ్చును.

గాజునకు మరియొక గుణము కలదు. ఉప్పుగాని, కలకండగాని గట్టిపడునపుడు దాని అణువులు వరుసలు తీరి, తమకు సహజమైన కోణములతో పలుకులుగా ఏర్పడును. గాజు అట్లు కాదు. కరగియున్నప్పుడు అణువులు ఎట్లు కలగాపులగముగా నుండెనో అట్లే బిగిసిపోవును. దానికి తనదని చెప్పుకొనదగిన ఆకారము లేదు. ఊదిన బుడ్డి యగును, లాగిన తీగె యగును, చుట్టిన గాజగును, అచ్చులో పోసిన బొమ్మ యగును. పగిలినచో ఆ పెంకులను మరల కరగించి మరియొక వస్తువు చేయవచ్చును. ఈ గుణమును గుర్తుంచుకొనుడు. నా ప్రసంగము చివర దానితో పని కలదు.

పొందూరు స్త్రీ పత్తినుండి దారము లాగినట్లే, కరగిన గాజునుండి దారము లాగిన తెలుగువారు కలరు. శ్రీకాళహస్తి సమీపమున పాపానాయుడుపేట అను గ్రామము కలదు. అది చిత్తూరు జిల్లాలో నుండి, 2022 సంవత్సరమున ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. అక్కడి పూసల పనిని ఇరువదవ శతాబ్దము చివరి భాగమున దేశాంతరములనుండి పరిశోధకులు వచ్చి చూచి వ్రాసియుంచిరి. ఆ పని తీరు ఇట్టిది. నిలువెత్తుకు మించిన ఇనుపగొట్టము కొనకు కరగిన గాజును ముద్దగా చుట్టుదురు. దానిని దొర్లించి కోసుగా తీర్చి, నడుమ రంధ్రము నిలుచునట్లు గొట్టములో ఒక ఊచను పొడుతురు. ఆ ముద్దను కొలిమిలో నుంచగా, ఆవలివైపున కూర్చున్న పనివాడు దాని కొనను అందిపుచ్చుకొని లాగును. గాజు సన్నని గొట్టమై సాగి వచ్చును. కొలిమిలో ముద్ద ఉన్నంతవరకు, గంటల తరబడి, ఆ చేతులు ఆగరాదు. వేగము హెచ్చినచో గొట్టము సన్నబడి తెగును, తగ్గినచో లావగును. కొలబద్ద చేతి వేళ్లలోనే యున్నది. పిదప ఆ గొట్టములను చిన్నచిన్న తునుకలుగా కోయుదురు. తునుకల రంధ్రములు మూసికొనిపోకుండ బూడిదతో కలిపి, మరల వేడిచేసి అంచులను గుండ్రపరచుదురు. అటుపై వానిని గ్రుచ్చి దండలు కట్టుదురు.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. పుదుచ్చేరి చెంత అరికమేడు అను ప్రాచీన రేవుపట్టణమును 1945 లో మార్టిమరు వీలరు త్రవ్వించెను. ఇంచుమించు 2,000 సంవత్సరముల క్రిందటనే అక్కడ ఇట్లు లాగి కోసిన పూసలు తయారగుచుండెను. అటువంటి పూసలు ఆఫ్రికా తూర్పు తీరమునను, సింహళమునను, మలయా, సయాము సీమలలోను, ఇంకను తూర్పున కొరియా, జపాను దేశముల సమాధులలోను దొరకినవి. రెండు మహాసముద్రముల తీరములందును కనబడుటచే అమెరికా దేశపు పరిశోధకుడు పీటరు ఫ్రాన్సిస్ వానికి ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టెను. అరికమేటి పని ఏనాడో ఆగిపోయినను, ఆ పనితనమునకు వారసుడుగా ఆయన పాపానాయుడుపేటను చూపెను.

ఇచ్చట ఒక విషయము ఆలోచింపదగినది. ఎరుపు, పసుపు, నీలి రంగుల ఆ చిన్నపూస, ఆవగింజకంటె కొంచెము పెద్దది, చేరిన ప్రతి దేశమున ఒక మనిషికి గురుతై కూర్చున్నది. ఒకచోట ధనవంతుని గురుతు, ఒకచోట పెండ్లికూతురి గురుతు, ఒకచోట మృతునితో పాతిపెట్టవలసిన వస్తువు. మన కొండలలో సవర స్త్రీలు మెడనిండ పూసలదండలు ధరించు ఆచారము కలదు. మన యిండ్లలో బిడ్డకు దృష్టి తగులకుండ కట్టు నల్లపూసయు, ముత్తైదువ మెడలో మంగళసూత్రముతో గ్రుచ్చు నల్లపూసయు గాజుపూసలే. చిరకాలమునకు కనబడిన చుట్టమును ‘నల్లపూస వైపోతివే’ అని నిష్ఠురమాడుదుము. పూస ఒక్కటే. గురుతులు వేరు. గురుతు పూసలో లేదు, దానిని పెట్టిన వారిలో నున్నది. ఇక ఆ పూసను లాగిన చేతి పేరు మాత్రము ఏ దేశమునను నిలువలేదు.

పేరు నిలుచుట అనగానే మరియొక వస్తువు జ్ఞప్తికి వచ్చును. మా పొందూరునుండి ఒక్క దినములో పోయి రాదగిన దూరమున, వంశధార దక్షిణపు గట్టున శాలిహుండము కొండ కలదు. ఆ కొండమీది బౌద్ధ శిథిలములను 1919 లో లోకమునకు తెలిపినవారు మన గిడుగు రామమూర్తి పంతులుగారు. తరువాత త్రవ్వకములలో స్తూపములనుండి రాతి భరిణెలు బయలుపడినవి. వానిలో స్ఫటికముతో చెక్కిన చిన్న స్తూపములును, వాని గర్భమున బంగారు పూవులును ఉండెను. స్ఫటికము గాజు కాదు. అది భూగర్భమున ప్రకృతి చేసినది. కాని రెండింటికిని మూలద్రవ్య మొక్కటే, ఇసుకలో నుండునదే. లోపలి దానిని వెలుపలికి చూపు గుణమును రెండింటికి సమానము. రాతి పెట్టెలో మరుగుపడునట్టి వస్తువుకొరకు, చూపు దూరిపోవు భరిణెను చెక్కించిన వారి మనస్సు ఎట్టిదో ఊహింపుడు. చూచువాడు లేకున్నను, లోపలిది దాగియుండరాదని కాబోలు వారు తలచిరి.

కృష్ణాతీరమున భట్టిప్రోలులో ఇంతకంటె విశేషము కలదు. 1892 లో అలెగ్జాండరు రీ అను పురాతత్త్వాధికారి అక్కడి స్తూపమును త్రవ్వించి మూడు రాతి మందసములను కనుగొనెను. వానిపై బ్రాహ్మీలిపిలో చెక్కిన వ్రాతలను బ్యూలరు పండితుడు చదివెను. అవి క్రీస్తుకు పూర్వము కొన్ని శతాబ్దముల నాటివి, మన దేశపు అతి ప్రాచీన లేఖనములలో చేరినవి. అందొకదానిపై నున్న విషయము: బుద్ధుని ధాతువులను ఉంచుటకై ఈ మందసమును, స్ఫటికపు భరిణెను కూరుని తండ్రి, కూరుని తల్లి, కూరుడు, శివుడు చేయించిరి అని. తండ్రికిని తల్లికిని వేరు పేరులు చెక్కలేదు. వారు కూరుని తండ్రి, కూరుని తల్లి. ఇప్పటికిని మన వీథులలో ‘అప్పన్న తల్లీ’ అని పిలిచినచో పలుకు స్త్రీలు లేరా? ఇరువది రెండు శతాబ్దములు గడచినను పిలుచు తీరు మారలేదు.

అదే స్తూపమున ఆరు పలకల స్ఫటికముక్క యొకటి దొరకినది. దానిపై గీసిన సన్నని అక్షరములలో నందపురమునకు చెందిన స్త్రీల దానము పేర్కొనబడినది. రాజు పేరు గల లేఖనము అక్కడ వేరుగా నున్నది. ఈ స్ఫటికముపై నున్నది ఒక ఊరి ఆడువారి మాట. వారు ఎవరి భార్యలో, ఎవరి కూతుండ్రో, వారిలో ముత్తైదువలెందరో, భర్తను కోలుపోయినవారెందరో ఆ స్ఫటికము చెప్పదు. వారు చేసిన పనిని చెప్పును, వారి ఊరిని చెప్పును. అంతమాత్రముచేతనే మనము వారిని నేడు తలచుకొనుచున్నాము.

ఇక కొంచెము దూరదేశమునకు పోవలసియున్నది. మన ఆడువారి చేతి గాజులకు అచ్చటితో సంబంధము కలదు. పందొమ్మిదవ శతాబ్దము చివర, నాడు ఆస్ట్రియా ప్రభుత్వముక్రింద నుండిన బొహీమియా దేశమునందలి యాబ్లొనెత్సు పట్టణమునుండి గాజులును పూసలును ఓడలకెక్కి హిందూదేశమునకు విస్తారముగా దిగుమతి యగుచుండెను. మలారము భుజమున వేసికొని మన వీథిలో కేక వేసిన గాజుల సెట్టి మూటలో, మంచు కురియు ఆ దేశపు పనివాని గాజులుండెడివి. తాను చేసిన గాజు ఎవరి చేతికెక్కునో, ఎందులకు పగులునో అతడెరుగడు. 1914 లో మహాయుద్ధము వచ్చి ఆ దిగుమతులు దెబ్బతినగా, ఉత్తరహిందూస్థానమున ఫిరోజాబాదు గాజుల పరిశ్రమ వృద్ధికి అవకాశము కలిగెను.

ఆ బొహీమియా సీమలోనే, యాబ్లొనెత్సునకు సమీపమున, జెలెజ్నీ బ్రోద్ అను చిన్న పట్టణము కలదు. అదియును గాజుపనివారి ఊరే. 1950 తరువాతి సంవత్సరములలో అక్కడ స్తనిస్లావు లిబెన్‌స్కీ, యరొస్లావా బ్రిఖ్తొవా అను ఇద్దరు కళాకారులు గాజును అచ్చులలో కరగించి మనుష్యుల తలలను చేయసాగిరి. పిమ్మట వారు దంపతులైరి. ఆయన బొమ్మను గీయును. ఆమె దానిని మట్టితో రూపు కట్టును. పిదప అది గాజగును. 2002 లో ఆయన మరణించువరకు వారి శిల్పములకు ఇద్దరి పేరులును కలిసియే యుండెను. ఆమె 2020 లో గతించెను.

వారి పనిలో ఒక నేర్పు కలదు. మన శిల్పి రాతిపై ముఖమును ఉబ్బెత్తుగా చెక్కును. వారు అట్లు గాక, గాజుదిమ్మకు వెనుకనుండి ముఖమును పల్లముగా తొలిచినట్లు చేయుదురు. ముందునుండి చూచువానికి ఆ పల్లమే, వెలుగు సోకినంతనే, ముక్కు, కన్నులు, పెదవులు గల ముఖమై కనబడును. పల్లము లోతుగా నుండి గాజు పలుచనైన చోట వెలుగు ఎక్కువ, దళముగా నున్న చోట చీకటి ఎక్కువ. గాజు లేనిచోటనే ముఖమున్నది! ఉదయమున ఒక తీరున, సాయంకాలమున ఒక తీరున ఆ ముఖము మారుచుండును. మనిషి యనగా ఇది యని ఒకేసారి తేల్చి చెప్పుటకు వీలులేదని, నిలుచున్న చోటినిబట్టియు, పడు వెలుతురునుబట్టియు వేరువేరుగా అగపడునని ఆ శిల్పము చూపుచున్నది. గాజును సాధనముగా గొని మనిషి యెవరు అని అడుగుట యనగా ఇదియే.

ఆ శిల్పమును గూర్చి చదివినప్పుడు నాకు మా ఊరి వృద్ధురాలి ముంజేయి మెదలినది. అక్కడను గాజు లేనిచోటనే మనకు మనిషి కనబడెను. కాని ఎట్టి మనిషి? శిల్పములో గాజు లేని పల్లము ముఖమును తెచ్చి యిచ్చినది. మన చూపులో గాజు లేని చేయి ముఖమును తీసివేసినది. వడకు నేర్పరి, తల్లి, అవ్వ, పొరుగువారి కష్టసుఖములలో నిలుచు మనిషి – అన్నియు మాసిపోయి, లేనిదొక్కటే మిగిలినది.

మన బ్రతుకులో గాజు ఎన్ని మాటలు మాటలాడునో మీకు తెలియనిది కాదు. పసిబిడ్డకు చిట్టిగాజులు. పెండ్లికూతురికి చేతినిండ గాజులు. నిండుచూలాలికి శ్రీమంతమునాడు పేరంటాండ్రు తొడుగు గాజులు. పుట్టినింటికి వచ్చిన ఆడుపడుచును గాజులు తొడుగక పంపరు. దీపము ఆరినదనక కొండెక్కినదని అన్నట్లే, గాజు పగిలినదను మాట నోట రానీయక పెరిగినదని కొన్ని యిండ్లలో అందురు. ఆ మాట వెనుక నెంత భయమున్నదో! పౌరుషము చాలని మగవానిని ‘చేతికి గాజులు తొడుగుకొని కూర్చుంటివా’ అని ఎద్దేవచేయుదుము. ఆ మాట అనువాడు ఒక్కసారి నాట్లలో వంగిన చేతులను, తిరుగలి త్రిప్పిన చేతులను, మా పొందూరున రాట్నము త్రిప్పుచున్న చేతులను చూచినచో, గాజు చేతగానితనమునకు గురుతని మరల పలుకడు.

ఆ భర్త కన్ను మూసిననాడు, సామాన్యముగా పదియవ దినమున, చెరువుగట్టునకో ఏటియొడ్డునకో ఆమెను తీసికొనిపోయి, ఇంతకుముందు ఆమెకు గాజులు తొడిగిన చేతులే వానిని చితుకగొట్టుదురు. ఈ ఆచారము అన్ని కులములలో ఒకే తీరున లేదు. మారుమనువు మొదటినుండియు చెల్లుచున్న కులములు మనలో పెక్కు కలవు. దుఃఖమునకు ఏదో యొక రూపము కావలెనని పూర్వులు తలచియుందురు. నేను వారిని దూషింపను. కాని దుఃఖము కొంతకాలమునకు ఉపశమించును. గురుతు మాత్రము ఆమె ఆయుర్దాయమంతయు చేతిమీద నిలిచియుండును. పెండ్లిపందిటిలోనికి ఆమె ఎదురురాదు. కన్నకూతురి శ్రీమంతమున ఒక గాజు ఎత్తి బిడ్డ చేతికి తొడుగజాలదు. గతించినది ఆమె భర్త. ఆమె బ్రతికియే యున్నది.

ఈ గురుతులోని కాఠిన్యమును ఎదిరించినవారు మన దేశమున లేకపోలేదు. వితంతు వివాహము చెల్లునని 1856 లోనే చట్టమైనను, ఆ చట్టము మన వీథులలోనికి రాలేదు. దానిని తెచ్చుటకు కందుకూరి వీరేశలింగము పంతులుగారు నడుము కట్టి, 1881 డిసెంబరు 11 వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఆనాడు ఆయన పడిన వెలివేతలు, నిందలు ఇన్నియన్ని కావు. చట్టము చేయుట ఒకటి, చేతికి మరల గాజు తొడుగుట మరియొకటి అని ఆ చరిత్ర చెప్పుచున్నది.

ఇటీవలి దొక దృష్టాంతము చెప్పి విరమించెదను. మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లా, శిరోళ తాలూకాలో హేరవాడ అను గ్రామము కలదు. 2022 మే నెలలో ఆ గ్రామపంచాయతీవారు సమావేశమై ఒక తీర్మానము చేసిరి. భర్త గతించిన స్త్రీ గాజులు పగులగొట్టుట, కుంకుమ తుడుచుట, మంగళసూత్రము త్రెంచుట తమ ఊరిలో ఇక మానవలెనని ఆ తీర్మానముయొక్క సారాంశము. ఆ నెలలోనే మహారాష్ట్ర ప్రభుత్వమువారు తక్కిన గ్రామములును ఈ మార్గమున నడువవలసినదని ఉత్తరువు పంపిరి. ఆ తీర్మానము చేసినవారు సంస్కర్తలని పేరుపొందినవారు కారు. మీవంటివారే. చావునకు, పెండ్లికి, తగవునకు ముందు పిలువబడు ఊరి పెద్దలు. ఆచారమును ఊరు పెట్టినది గనుక తీసివేయుటయు ఊరివలననే కావలెనని వారు గ్రహించిరి.

గాజునకు తనదైన ఆకారము లేదని మొదట చెప్పితిని. అచ్చు ఎట్టిదో గాజు అట్టిది. గురుతు సంగతియు అంతే. పూస ఒక దేశమున ధనికుని గురుతై, మరియొక దేశమున మృతుని గురుతైనది. భట్టిప్రోలున నందపురపు స్త్రీలు తాము చేసిన దానముచేత గురుతింపబడిరి. బొహీమియా శిల్పి గాజు లేని పల్లములో ముఖమును చూపెను. అర్థము పెట్టినది ప్రతిచోట మనుష్యులే. పెట్టినవారు మార్చలేరా? మీ ఊరిలో ఇక ముందు అట్టి పదియవ దినము వచ్చినప్పుడు, చెరువుగట్టునకు బయలుదేరుటకు ముందు, పెద్దవారైన మీరు ఒక్క నిమిషము ఆగి ఆమెనే అడుగుడు. గాజులు ఉంచుకొందువా తల్లీ, తీసివేయుదువా అని. ఉంచుకొందునన్నచో ఉండనిండు. వద్దన్నచో ఆమె చేతులతోనే తీసి యొక పెట్టెలో పెట్టుకొననిండు. పగులగొట్టవలసిన అవసర మేమున్నది?

ఆ వృద్ధురాలి దగ్గరకు నేను మరల పోయితిని. ఈసారి నూలునే చూచితిని. కన్ను ఆనని సన్నని దారము, ఎక్కడను ముడి లేదు. నంబరెంతయని అడిగితిని. చెప్పెను. ఎవరివద్ద నేర్చితివని అడిగితిని. తన తల్లి పేరు చెప్పి, ఆ తల్లి తల్లి పేరు కూడ చెప్పి, ఏకు అందుకొని మరల రాట్నము త్రిప్పసాగెను.